ప్లేటు పోయిన పాత ట్రైపాడ్‌ను మళ్ళీ వాడుకలోకి తేవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత స్టూడియోల్లోనూ, ఇళ్ళ అటకల మీదా ఇలాంటి ట్రైపాడ్లు చాలానే పడి ఉంటాయి. కాళ్ళు గట్టిగా ఉంటాయి, తల బాగానే తిరుగుతుంది, కెమెరా కింద బిగించే ప్లేటు మాత్రం ఉండదు. కెమెరా అమ్మినప్పుడు దానికే అతుక్కుని వెళ్ళిపోయుంటుంది. అడిగేవాళ్ళు మారినా సందేహాలు అవే వస్తున్నాయి కాబట్టి, పని జరిగే వరుసలో వాటిని ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే చదవడం మొదలుపెట్టవచ్చు.

## మొదట చూసుకోవాల్సినవి

కెమెరా పెట్టే చోట ఖాళీగా ఉంది. అసలు పోయింది ఏమిటి?

తల పైభాగం చూస్తే తెలిసిపోతుంది. లోతుగా ఒక గూడు, పక్కన ఒక మీట ఉంటే పోయింది క్విక్ రిలీజ్ ప్లేటు, అంటే మీట లాగితే కెమెరాతో సహా ఊడి వచ్చేది. నూటికి తొంభై కేసులు ఇవే అనుకోవచ్చు. గూడు లేకుండా చదునైన పలక, మధ్యలో ఒక రంధ్రం మాత్రమే ఉంటే అది పాత రకం తల. అందులో పోయింది స్క్రూ ఒక్కటే, పని చాలా తేలిక. ప్లేటు ఉండి దాని మధ్య స్క్రూ రాలిపోయి ఉంటే, స్క్రూ మెడకు పట్టి ఉండే, ఇంగ్లిష్ E ఆకారపు చిన్న క్లిప్ (ఈ-క్లిప్) ఊడిందన్నమాట. ఇక నడిమి కడ్డీ పైన మొండి బోల్టు ఒకటి పొడుచుకుని కనిపిస్తే తల మొత్తమే లేదు. అప్పుడు ప్లేటు కోసం వెతకడం దండగ, తల కొనాల్సిందే.

ఇంత తిప్పలు ఎందుకు, కొత్తది కొంటే పోదా?

కొన్నిసార్లు అదే మంచిది. తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. కాళ్ళన్నీ పూర్తిగా చాపి, మీటలు బిగించి, తల పైన రెండు అరచేతులు ఆనించి మీ బరువులో కొంత మోపండి. ఏ కాలూ జారకపోతే మొదటి గండం గట్టెక్కినట్టే. తర్వాత మూడు కాళ్ళూ కలిసే బొడ్డు భాగాన్ని టార్చి వేసి చూడండి. అక్కడ వెంట్రుకంత పగులు కనిపించినా ఆ ట్రైపాడ్ మీద డబ్బు పెట్టకండి. ప్లాస్టిక్ బొడ్డు పగిలితే ఏ జిగురూ నిలవదు. చివరగా తలను పట్టుకుని మెలితిప్పండి. కాళ్ళు కదలకుండా తల మాత్రం గలగలమంటే బాగుచేయవచ్చు, కాళ్ళే ఊగిపోతుంటే వదిలేయండి.

బరువైన పాత అల్యూమినియం కాళ్ళు దొరికితే మాత్రం వదలకండి. ఇప్పుడు చవగ్గా దొరికే కొత్త ట్రైపాడ్లలో చాలావాటి కన్నా అవి నిలకడగా ఉంటాయి.

మీట అడ్డంగా బిగుసుకుపోయింది. తల పాడైందా?

పాడయి ఉండకపోవచ్చు. చాలా తలల్లో మీట వెనక స్ప్రింగు, గూడు అడుగున ఒక చిన్న ఇత్తడి పిన్ను ఉంటాయి. మీటను వెనక్కి పూర్తిగా లాగితే పిన్ను పైకి లేచి, మీటను తెరిచి పట్టుకుంటుంది. ప్లేటును గూట్లో నొక్కితే అది పిన్నును కిందికి తోస్తుంది, మీట టక్కున మూసుకుంటుంది. ప్లేటు లేని తలలో ఎవరో వేలితో పిన్ను నొక్కి ఉంటారు, మీట మూసుకుపోయి ఉంటుంది. మీటను గట్టిగా వెనక్కి లాగి చూడండి. రాకపోతే దుమ్ము, తుప్పు పట్టి ఉంటుంది. పెట్రోలు తడిపిన పాత టూత్ బ్రష్‌తో ఆరుబయట రుద్ది, ఆరాక సన్నగా మెషిన్ ఆయిల్ ఒక చుక్క వేయండి.

## కొలతలు

కెమెరా కింద పట్టే స్క్రూ ఏ సైజు? కంపెనీని బట్టి మారుతుందా?

మారదు. కానన్, నికాన్, సోనీ ఏదైనా స్క్రూ ఒకటే: పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 20 థ్రెడ్లు. కెమెరాలకు ఐఎస్‌ఓ 1222 అనే ప్రమాణం చెప్పే రెండు సైజుల్లో ఇది చిన్నది. పెద్దది 3/8 అంగుళం, అంగుళానికి 16 థ్రెడ్లు. అది ఎక్కువగా కాళ్ళకూ తలకూ మధ్య ఉంటుంది. ప్లేటు కంపెనీకో రకం, స్క్రూ మాత్రం లోకమంతటికీ ఒకటే. ఈ రెండింటినీ కలిపి గందరగోళపడటం వల్లే సగం మంది అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటారు.

హార్డ్‌వేర్ అంగట్లో ‘పావించి బోల్టు’ అనండి. అంగుళాన్ని ఎనిమిది నూళ్ళుగా లెక్కపెట్టే పాత మేస్త్రీల దగ్గరైతే ‘రెండు నూళ్ళ బోల్టు’. వాళ్ళిచ్చేది తరచుగా విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ థ్రెడ్ రకం. దానికీ అంగుళానికి 20 థ్రెడ్లే ఉంటాయి, థ్రెడ్ కోణం మాత్రం 60 డిగ్రీలకు బదులు 55. కెమెరాలో పట్టేది మూడు నాలుగు చుట్లే కాబట్టి ఆ తేడా ఇబ్బంది పెట్టదు. 28 థ్రెడ్ల సన్న రకం కూడా పావించిలోనే ఉంది, అది మాత్రం కెమెరాకు పట్టదు.

అంగట్లో ఎం6 బోల్టు ఇచ్చి ‘అదే ఇది’ అన్నారు. కెమెరాకు ఎక్కింది కూడా. వాడొచ్చా?

వద్దు. ఎక్కినట్టు కనిపించడమే దాని మోసం. ఎం6 వ్యాసం 6 మి.మీ., పావించిది 6.35 మి.మీ. ఎం6లో థ్రెడ్‌కూ థ్రెడ్‌కూ మధ్య దూరం 1 మి.మీ., పావించి దాంట్లో 1.27. సన్నగా ఉంది కాబట్టి లోపలికి దూరుతుంది కానీ ఒకటి రెండు థ్రెడ్ల అంచులే పట్టుకుంటాయి. కెమెరా బరువు వాటి మీదే పడి, కొన్నాళ్ళకు కెమెరా కింది థ్రెడ్లే అరిగిపోతాయి. అంగట్లోనే తేల్చుకోవాలంటే పది థ్రెడ్ల పొడవు స్కేలుతో కొలవండి. 12.7 మి.మీ. వస్తే సరైనది, 10 వస్తే ఎం6. ఇంకా సులువు: సెల్ఫీ స్టిక్కుదో ఫోన్ స్టాండుదో స్క్రూ జేబులో వేసుకెళ్ళి, కొత్త బోల్టుకు పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎత్తి చూడండి. పళ్ళు పళ్ళలో కూర్చుని మధ్యలో సందు కనిపించకపోతే తీసుకోండి.

ప్లేటు లేకుండా ప్లేటు కొలతలు ఎలా తీయాలి?

గూడునే కొలవాలి. కావలసినవి ఆరు: పైన పొడవు, పైన వెడల్పు, అడుగున పొడవు, అడుగున వెడల్పు, లోతు, మీట తెరిచినప్పటికీ మూసినప్పటికీ వెడల్పులో వచ్చే తేడా. వర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది, దాని తోక కడ్డీతో లోతు తెలుస్తుంది. స్కేలుతో కొలిస్తే మిల్లీమీటరు తేడా వస్తుంది, ఆ ఒక్క మిల్లీమీటరే ప్లేటును వదులు చేస్తుంది.

పక్క గోడల వాలు కొలవడమే కష్టం. దానికి వంటింటి ఉపాయం ఒకటుంది. గూడు లోపల నూనె రాసి, గట్టిగా కలిపిన చపాతీ పిండి ముద్దను మూలల దాకా నొక్కండి. మీట మెల్లగా తెరిచి ముద్దను ఒకవైపు జరిపి పైకి తీయండి. ముద్దను కత్తితో నిలువుగా కోస్తే వాలు స్పష్టంగా కనిపిస్తుంది. వెంటనే కాగితం మీద పెట్టి అంచుల వెంబడి గీత గీసుకోండి, ఆరితే పిండి కుంచించుకుపోతుంది. అంగడికి వెళ్ళినా, ప్రింట్ చేయించినా, మెషిన్ షాపుకు వెళ్ళినా ఈ కాగితమే మీ నమూనా.

బోల్టు ఎంత పొడవుండాలి?

ప్లేటు పైన 4 నుంచి 4.5 మి.మీ. దాకా కనిపించాలి, 5 దాటకూడదు. పొడవెక్కువైతే స్క్రూ కొన కెమెరా లోపలి అడుగుకు తగిలి ఆగిపోతుంది. ప్లేటు ఇంకా వదులుగానే ఉందని మీరు మరో చుట్టు బిగిస్తారు. ఆ ఒత్తిడికి సాకెట్ ప్లాస్టిక్ అడుగు నుంచి ఊడి రావచ్చు. ట్రైపాడ్ బాగుచేయబోయి కెమెరా పాడుచేసుకునే వాళ్ళు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. పొడవు తగ్గించడానికి బోల్టు కోయడం కన్నా బోల్టు తల కింద వాషర్ వేయడం నయం. కోసినా, ముందే ఒక నట్టు ఎక్కించి ఆ తర్వాత కోయండి. నట్టును వెనక్కి తిప్పి తీసేటప్పుడు నలిగిన థ్రెడ్ సర్దుకుంటుంది.

## ప్లేటు కొనడం

తిరుపతిలో ప్లేటు దొరుకుతుందా, మద్రాసుకే పోవాలా?

సింపెక్స్, డిజిటెక్ లాంటి ఎక్కువగా అమ్ముడయ్యే రకాలకు తిరుపతిలోని కెమెరా సామాన్ల అంగళ్ళలో ముందు అడగండి. అంతకన్నా మంచి చోటు పాత స్టూడియోలు. పెళ్ళి ఫొటోగ్రాఫర్ల దగ్గర కాళ్ళు విరిగిన ట్రైపాడ్లు మూలన పడి ఉంటాయి, వాటి ప్లేట్లు ఇంకా బాగానే ఉంటాయి. ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో వెళితే ఓపిగ్గా వెతికిస్తారు. అక్కడా దొరకకపోతే చెన్నై రిచీ స్ట్రీట్, లేదా ఆన్‌లైన్. ఎక్కడికి వెళ్ళినా తల ఊడదీసి వెంట తీసుకెళ్ళండి. ‘నల్ల ప్లేటు, ఇంత ఉంటుంది’ అని చేత్తో చూపిస్తే పని జరగదు.

మోడల్ నంబరు సాధారణంగా నడిమి కడ్డీ కింద, బొడ్డు మీద, లేదా తల పక్క స్టిక్కరు మీద ఉంటుంది. అరిగిపోయి ఉంటే ఫోన్ టార్చిని పక్క నుంచి వేసి చూడండి, అచ్చు గుంట కనిపిస్తుంది.

‘యూనివర్సల్ ప్లేటు’ అని అమ్ముతున్నారు. నిజంగా అన్నిటికీ పడుతుందా?

పడదు. ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు 38 మి.మీ. వెడల్పున్న ఆర్కా-స్విస్ తరహా ప్లేట్లు, అంటే రెండు పక్కలా వాలు అంచులుండి క్లాంప్ దవడల మధ్య బిగుసుకునేవి. ఆ తరహా క్లాంప్ ఉన్న తలలకు మాత్రమే అవి పనికొస్తాయి. మీ తల గూడు చతురస్రంగా, అడుగున పిన్నుతో ఉంటే అది వేరే కుటుంబం. ఉదాహరణకు మాన్‌ఫ్రాట్టో కంపెనీ ఆర్‌సీ2 రకం తలకు వాళ్ళ 200పీఎల్ ప్లేటే కావాలి. వీడియో తలల్లో ముందుకూ వెనక్కూ జరిగే పొడుగు ప్లేటు మళ్ళీ ఇంకో రకం. అంగడివాళ్ళు యూనివర్సల్ అంటే ‘ఎవరి యూనివర్స్?’ అని అడగాలనిపిస్తుంది గానీ, తల చేతికిచ్చి పెట్టి చూపించమంటే చాలు.

వేరే ట్రైపాడ్ ప్లేటు దాదాపు సరిపోయింది, కొంచెం ఊగుతోంది. సర్దుబాటు చేయొచ్చా?

ఊగడం అర మిల్లీమీటరు లోపైతే చేయవచ్చు. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బాను కత్తెరతో కోసి, సన్నని పట్టీలను ప్లేటు వాలు అంచుకు అతికించండి. ఆ రేకు మందం సుమారు 0.1 మి.మీ. కాబట్టి ఒక్కో పొర చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. మీటకు ఎదురుగా ఉన్న అంచుకే అతికించాలి, మీట వైపు అతికిస్తే రెండు రోజుల్లో గీసుకుని లేచిపోతుంది. కాగితం, సెల్లోటేపు వద్దు, నలిగి వదులవుతాయి. తేడా మిల్లీమీటరు దాటితే ఆ ప్లేటు మీది కాదనుకోండి.

## సొంతంగా చేసుకోవడం, చేయించడం

చెక్కతో చేస్తే నిలుస్తుందా?

బాగా చేస్తే చవక ప్లాస్టిక్ ప్లేటు కన్నా నిలుస్తుంది. 12 మి.మీ. టేకు ముక్క గానీ, మంచి వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ గానీ చాలు. వడ్రంగి పని జరిగే చోట ఇంత తుంట ఊరికే ఇస్తారు. శేషాచలం నీడలో ఉన్నాం కదా అని ఎర్రచందనం ముక్క జోలికి మాత్రం పోకండి. చెక్క గట్టిదే, కానీ కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉంటే ట్రైపాడ్ కన్నా పెద్ద తలనొప్పి.

టేకైతే నార దిశ చూసుకోవాలి. నార ఒక వాలు అంచు నుంచి ఎదుటి వాలు అంచుకు అడ్డంగా పోవాలి. అంచు వెంబడి పోతే, మీట బిగించినప్పుడు ఆ అంచు పెచ్చులా చీలిపోతుంది. ప్లైవుడ్‌లో పొరలు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు.

ముక్కను గూడు కొలతల కన్నా ఒక మిల్లీమీటరు పెద్దగా కోయండి. వాలును ఆకురాయితో కొంచెం కొంచెంగా దింపండి. ఎక్కడ రాయాలో తెలియడానికి గూడు లోపలి గోడలకు మెత్తని పెన్సిల్ ముక్కు బాగా రుద్ది, ముక్కను నొక్కి తీయండి. నల్లగా అంటిన చోటే ఎత్తు ఉన్నట్టు, అక్కడే రాయండి. ఐదారు సార్లు ఇలా చేస్తే నలుపు రెండు వాలుల మీదా సమంగా అంటుకుంటుంది. అప్పుడు ఆపాలి. తొందరపడి ఒకేసారి రాసేస్తే ముక్క పారేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

తర్వాత రంధ్రం. ముందు అడుగు వైపు నుంచి వెడల్పు బిట్టుతో 5 మి.మీ. లోతు గుంట, ఆ తర్వాత దాని మధ్య నుంచి 6.5 మి.మీ. బిట్టుతో ఆరపార. వరుస తిరగేస్తే పెద్ద బిట్టు కొనకు పట్టు దొరకదు, గుంట పక్కకు జరుగుతుంది. లెక్క ఇలా వస్తుంది: 12 మి.మీ. చెక్కలో 5 పోగా 7 మిగులుతుంది. అర అంగుళం బోల్టు 12.7 మి.మీ. అందులో చెక్కకు 7, వాషర్‌కు 1 పోతే పైన 4.7 కనిపిస్తుంది. దాని మీద పాత సైకిల్ ట్యూబు ముక్కను ఫెవికాల్ ఎస్‌ఆర్‌తో అతికిస్తే 4 చిల్లర మిగులుతుంది. సరిగ్గా కావలసినంతే.

గుంటలో దాగిన బోల్టు తలను బాక్స్ స్పానర్‌తో బిగించవచ్చు. రోజూ ఆ పని చేయలేం కాబట్టి తల మీద నాణెం పట్టే గాడి వేసుకోండి. ఒకే హాక్సా ఫ్రేములో రెండు బ్లేడ్లు జంటగా బిగించి కోస్తే గాడి వెడల్పవుతుంది, రూపాయి బిళ్ళ దూరుతుంది.

చివరగా వార్నిష్ రెండు పూతలు, గుంట లోపల కూడా. మన వైపు కార్తీకం వానలకు పూత లేని చెక్క ఉబ్బి గూట్లో ఇరుక్కుపోతుంది. ఇంత సన్నపని మీ వల్ల కాదనుకుంటే, శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్యబొమ్మల పనివాళ్ళకు ఇది వెన్నతో పెట్టిన విద్య.

లేత్ షాపులో అల్యూమినియం ప్లేటు చేసిస్తారా?

లేత్ గుండ్రని వస్తువుల మెషిన్. వాలు అంచుల పలకకు మిల్లింగ్ గానీ షేపింగ్ గానీ ఉన్న షాపు కావాలి. వెళ్ళే ముందు ఆ మాట అడగండి, ఒక తిరుగుడు మిగులుతుంది. 12 మి.మీ. అల్యూమినియం ఫ్లాట్ ముక్క, కాగితం మీద గీసిన నమూనా, ట్రైపాడ్ తల మూడూ ఇవ్వండి. మధ్య రంధ్రానికి థ్రెడ్ కొట్టవద్దని, 6.5 మి.మీ. సాదా రంధ్రమే వేయమని గట్టిగా చెప్పండి. థ్రెడ్ కొడితే స్క్రూ ప్లేటులోనే పట్టుకుని, కెమెరాను ప్లేటు మీదికి లాగదు. చాలామంది మెకానిక్కులు మంచితనంతో ట్యాప్ కొట్టి పెడతారు, ప్లేటు పాడవుతుంది. అంచుల పదును తీయించడం మరవకండి.

త్రీడీ ప్రింట్ చేయిస్తే సరిపోతుందా?

ఫోన్లకూ, చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలకూ సరిపోతుంది. మెటీరియల్ ఏదో మీరే చెప్పండి. ఏమీ చెప్పకపోతే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో ఇచ్చేస్తారు. అది దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రేణిగుంట ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అదే అడగండి. లోపల గుల్ల వదలకుండా నిండుగా ప్రింట్ చేయమనండి. స్క్రూ మాత్రం ప్లాస్టిక్‌ది వద్దు, ఇనుప బోల్టే, తల కింద వెడల్పు వాషర్‌తో.

ఎం-సీల్ ముద్ద గూట్లో నొక్కి అచ్చు తీస్తే?

పని చేసే ఉపాయమే, బలం తక్కువ. గూడు లోపల వాజిలిన్ మందంగా రాసి, పైన పలుచని పాలిథిన్ పరవండి. ఇవి మరిస్తే ముద్ద గూటికే అతుక్కుని తల కూడా పోతుంది. బోల్టును తలకిందులుగా, వెడల్పు వాషర్‌తో ముద్దలో పాతి, కొన నిట్టనిలువుగా ఉందో లేదో చూసుకోండి. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజంతా వదలండి. ఇందులో బోల్టు కదలదు కాబట్టి కెమెరానే తిప్పి ఎక్కించాలి, లెన్స్ ఎటు చూస్తూ ఆగుతుందో మీ చేతిలో ఉండదు. ఎం-సీల్ పెళుసు, కిందపడితే పగులుతుంది. ఫోనుకు సరే, పెద్ద లెన్స్‌కు వద్దు.

బోల్టును ఫెవిక్విక్‌తో తలకు అతికించేస్తే అయిపోదా?

అయిపోతుంది, కెమెరా. ఫెవిక్విక్ లాగుడుకు ఓర్చుకుంటుంది గానీ దెబ్బకూ, పక్కకు వంచే బలానికీ పుటుక్కున వదిలేస్తుంది.

## తల మార్చడం

ప్లేటు గొడవే వద్దు, కొత్త తల పెట్టుకోవచ్చా?

తల ఊడి వచ్చే ట్రైపాడ్ అయితే ఇదే అన్నిటికన్నా మేలైన దారి. తలను పట్టుకుని ఎడమవైపు తిప్పితే ఊడుతుంది. కింద కనిపించే బోల్టు 3/8 అంగుళం అయితే దాదాపు ఏ మంచి బాల్ హెడ్ (బంతి కీలు మీద ఎటైనా తిరిగే తల) అయినా నేరుగా కూర్చుంటుంది. పావించి బోల్టైతే, బాల్ హెడ్ అడుగు రంధ్రంలో 3/8 నుంచి పావుకు తగ్గించే ఇత్తడి బుష్ ఒకటి వేయాలి. తలతో పాటే ప్లేటు వస్తుంది, అది ఆర్కా-స్విస్ తరహా అయ్యేట్టు చూసుకోండి. ఇంకెప్పుడైనా ప్లేటు పోయినా ఆ రకం ఎక్కడైనా దొరుకుతుంది.

తల ఎంత తిప్పినా ఊడటం లేదు. ఎందుకు?

రెండు కారణాలు. తల కూర్చునే పళ్ళెం కింద చిన్న అలెన్ స్క్రూలు, చాలావాటికి మూడు, పైకి నొక్కుతూ ఉంటాయి. ట్రైపాడ్‌ను తిరగేసి టార్చి వేస్తే కనిపిస్తాయి. ముందు వాటిని రెండేసి చుట్లు వదులు చేయండి. అవి లేకుండా కూడా బిగుసుకుని ఉంటే, థ్రెడ్‌కు జిగురు వేసి ఉంటారు. హెయిర్ డ్రయ్యర్‌తో నాలుగైదు నిమిషాలు వేడిచేసి, చేతికి రబ్బరు గ్లవ్ వేసుకుని ఒక్క కుదుపుతో తిప్పండి. తలను తిప్పే పొడుగు పిడిని (పాన్ హ్యాండిల్) మీటలా వాడకండి, అది మెడ దగ్గర విరుగుతుంది.

నాది చవక రకం. తల, కడ్డీ ఒకటే ముక్క. ఇప్పుడేం చేయాలి?

గూటి నేల మీదే ఆర్కా తరహా క్లాంప్ ఒకటి బిగించవచ్చు. గూటి గోడలు అడ్డొస్తే హాక్సాతో కోసి, ఆకురాయితో చదును చేయండి. మధ్యలో 6.5 మి.మీ. రంధ్రం వేసి, కింది నుంచి పావించి బోల్టు ఎక్కించి క్లాంప్‌ను బిగించండి. కొన్ని క్లాంపుల అడుగు 3/8 ఉంటుంది, కొనే ముందే చూసుకోండి. ప్లాస్టిక్ తల కింద మామూలు వాషర్ వేస్తే కుంగిపోతుంది, వెడల్పైన మడ్‌గార్డ్ వాషర్ వేయండి. ఒక్క బోల్టుతో వదిలేస్తే క్లాంప్ దాని చుట్టూ తిరుగుతుంది, పక్కన ఇంకో చిన్న స్క్రూ కూడా పడాలి. రంధ్రం వేసే ముందు తల కింది భాగంలో స్ప్రింగులు, వంపు కీలు ఎక్కడున్నాయో చూడండి. వాటి మీదుగా డ్రిల్ దిగితే తల మొత్తం పోయినట్టే.

## మిగతా మరమ్మతు

కాళ్ళు మెల్లగా జారుతున్నాయి. బాగవుతాయా?

మీట రకమైతే మీట పక్కనే చిన్న నట్టో అలెన్ స్క్రూనో ఉంటుంది, పావు చుట్టు బిగించి చూడండి. మీట మూయడానికి రెండు వేళ్ళ బలం పట్టాలి, అరచెయ్యి పెట్టాల్సి వస్తే ఎక్కువ బిగించినట్టు. తిప్పే రకమైతే కాలు ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ కాలర్‌నూ గొట్టాన్నీ పొడి గుడ్డతో తుడవండి. ఇక్కడ నూనె వేయకూడదు. కాళ్ళు ఆగేది రాపిడి వల్లే.

రబ్బరు పాదాలు పోయాయి.

సర్జికల్ అంగళ్ళలో చేతికర్రలకు వేసే రబ్బరు తొడుగులు దొరుకుతాయి. చివరి గొట్టం వ్యాసం కొలిచి, 16, 19, 22 మి.మీ.ల్లో దగ్గరిది తీసుకోండి. మూడూ ఒకే రకం కొనండి.

తల తిప్పితే గరగరమంటోంది. కొబ్బరినూనె వేయొచ్చా?

వద్దు. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఎండాకాలం తిరుపతిలో బాగానే అనిపించినా, హార్స్‌లీ హిల్స్ మీద మార్గశిర మాసం తెల్లవారుజామున తల మొండికేస్తుంది. పైగా దుమ్ము పట్టి బంక అవుతుంది. తల విప్పగలిగితే పాత గ్రీజు తుడిచి సిలికాన్ గ్రీజు సన్నగా పూయండి. విప్పేటప్పుడు ఒక్కో దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, వాషర్ల వరుస తర్వాత గుర్తుండదు.

## కెమెరా ఎక్కించే ముందు

కొత్త ప్లేటు నమ్మొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

నీళ్ళ సీసాలతో. లీటరు సీసా అంటే కిలో. మీ కెమెరా, లెన్స్ కలిపి కిలోన్నర ఉంటే మూడు సీసాలు సంచిలో వేసి, ప్లేటుకు బిగించిన ఫోన్ హోల్డరు ఇనుప భాగానికో, ఒక నట్టుకు కట్టిన తాడుకో వేలాడదీయండి. కింద దుప్పటి మడిచి వేయండి. తలను పక్కకు 90 డిగ్రీలు వంచి రాత్రంతా వదలండి. తెల్లారి ప్లేటు అంచులు చూడండి. పెచ్చు లేవకుండా, తెల్లగా ఒత్తుడు గీతలు పడకుండా ఉంటే కెమెరా ఎక్కించవచ్చు. మొదటి వారం మాత్రం కెమెరా పట్టీని తలకు ఒక చుట్టు చుట్టి ఉంచండి.

నిలువు ఫొటోకు తిప్పితే కెమెరా ముక్కు కిందికి వాలుతోంది. స్క్రూ ఎంత బిగించినా అంతే.

ఇంకా బిగించకండి. ప్లేటుకూ కెమెరాకూ మధ్య రాపిడి చాలడం లేదు. పాత రబ్బరు గట్టిపడి అద్దంలా నున్నగా అయి ఉంటుంది. దాన్ని గీకి తీసి, సైకిల్ ట్యూబు ముక్క గానీ కార్క్ షీటు గానీ అతికించండి. వీడియో కెమెరాల కోసం పెట్టిన చిన్న స్ప్రింగు పిన్ను ప్లేటు మీద ఉంటే, అది కెమెరా అడుగును ఎత్తి పట్టి ఉండవచ్చు, తీసేయండి. పెద్ద లెన్స్‌కు ట్రైపాడ్ మీద బిగించే సొంత కాలు ఉంటే ప్లేటును కెమెరాకు కాకుండా ఆ కాలికి బిగించాలి.

పులికాట్ ఒడ్డున గాలికి వణుకుతోంది. శ్రీహరికోట షార్ నుంచి లేచే రాకెట్ ఫొటో తీయాలంటే ఎలా?

నడిమి కడ్డీ పూర్తిగా దించేయండి, వణుకు సగం అక్కడే పోతుంది. కడ్డీ కింది కొక్కేనికి సంచి వేలాడదీసి, దాని అడుగు నేలకు కొంచెం ఆనేట్టు చూడండి. గాల్లో వేలాడితే అదే ఊయలలా ఊగి ట్రైపాడ్‌ను కదిలిస్తుంది. బురదలోనో ఉప్పునీళ్ళలోనో దించాల్సి వస్తే అన్నిటికన్నా సన్నని చివరి కాళ్ళు పూర్తిగా చాపండి, మీటలు నీళ్ళకు పైన ఉంటాయి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, కాళ్ళు చాపే ఆరబెట్టండి. అల్యూమినియం మీద ఉప్పు తెల్లగా పొంగితే కాళ్ళు ఇక దూరవు.

ఫోన్ పెట్టుకోవడానికే కావాలి. ఇవన్నీ అవసరమా?

లేదు. ఫోన్ హోల్డర్ల అడుగున కూడా పావించి సాకెట్టే ఉంటుంది. గూటి నేలకు 6.5 మి.మీ. రంధ్రం వేసి, కింది నుంచి పావించి బోల్టు ఎక్కించి, పైన ఒక నట్టుతో బిగించి, దాని మీద హోల్డరు తిప్పండి. ఊరేగింపులో వీడియోకు, ఇంట్లో క్లాసులు చెప్పడానికి ఇది చాలు.

అన్నీ చూశాను, బొడ్డు పగిలింది. ఇనుప సామాను అంగడికే వేయాలా?

వేసే ముందు ఊడదీయండి. నడిమి కడ్డీ, అలెన్ స్క్రూలు, కాళ్ళ మీటలు, నీటిమట్టం బుడగ, పాన్ హ్యాండిల్ ఇంకో ట్రైపాడ్‌కు పనికొస్తాయి. అల్యూమినియం గొట్టాలను ఇనుముతో కలిపి తూకం వేయనివ్వకండి, అల్యూమినియం ధర వేరు. తల బాగుంటే దాన్ని ఏదైనా స్టూడియోకు ఇవ్వండి. అక్కడ ప్లేటు ఉండి తల పోయిన ట్రైపాడ్ ఒకటి మూలన పడి ఉండే ఉంటుంది.